కోడు పక్కన రాసే నాలుగు మాటలు

వార్షికోత్సవ సంచికలో కంప్యూటరు మీద వ్యాసం అనగానే ఏ కోర్సు చదవాలి, ఏ ఉద్యోగం వస్తుంది అన్న విషయాలు ఉంటాయని అందరూ అనుకుంటారు. వాటి గురించి చెప్పేవాళ్లు చాలామంది ఉన్నారు. కంప్యూటరు రంగంలో పనిచేస్తున్న మేము కొందరం ఈసారి ఒక చిన్న పని గురించి చెప్పదలచుకున్నాం. ఇది చూడటానికి చిన్నదే గాని, సరిగా చేయకపోతే ఎవరో ఒకరి నెలల కష్టం ఒక్క క్షణంలో తుడిచిపెట్టుకుపోతుంది. అదే ప్రోగ్రామింగ్ భాషల సోర్సు కోడులో, ముఖ్యంగా ఫైళ్లకు సంబంధించిన భాగంలో, కోడు పక్కన రాసి ఉండే వివరణలను సరిచేసే పని.

కామెంటు అంటే ఏమిటి?

ప్రోగ్రాములో కంప్యూటరు కోసం రాసే పంక్తులు కొన్ని, మనిషి కోసం రాసే పంక్తులు కొన్ని. మనిషి కోసం రాసేవాటిని కామెంట్లు అంటారు. కంప్యూటరు వాటిని దాటేసి వెళ్లిపోతుంది. వీటిలో మళ్లీ రెండు రకాలున్నాయి. కోడును రేపు విప్పి మరమ్మతు చేయబోయే వాడి కోసం రాసేది మామూలు కామెంటు. కోడు లోపలికి ఎప్పుడూ తొంగి చూడకుండా, దాన్ని వాడుకుంటే చాలు అనుకునే వాడి కోసం రాసేది డాక్యుమెంటేషన్ కామెంటు.

ఈ రెండో రకం కామెంట్లను ఏరి, పుస్తకంలా పేజీలు తయారు చేసే పరికరాలు ఉన్నాయి. జావా భాషకు జావాడాక్ ఉంది. పైథాన్‌లో ఇలాంటి వివరణను డాక్‌స్ట్రింగ్ అంటారు; దాన్ని ఎలా రాయాలో 2001లోనే ఒక పద్ధతి రాసిపెట్టుకున్నారు. ఈ వ్యాసంలో మేము ఉదాహరణగా తీసుకుంటున్నది రస్ట్ అనే భాష. గ్రేడన్ హోర్ అనే ఇంజనీరు 2006లో సొంతంగా మొదలుపెట్టిన ఈ భాష 2015 మే 15న 1.0 గా విడుదలయింది. రస్ట్‌లో రెండు ఏటవాలు గీతలు పెడితే మామూలు కామెంటు, మూడు గీతలు పెడితే డాక్యుమెంటేషన్ కామెంటు. రస్ట్‌డాక్ అనే పరికరం ఆ మూడు గీతల పంక్తులన్నిటినీ పోగుచేసి వెబ్ పేజీలుగా మారుస్తుంది.

రస్ట్ ప్రామాణిక లైబ్రరీలో ఫైళ్ల పనులన్నీ ఒకచోట ఉంటాయి. ఫైలు తెరవడం, రాయడం, నకలు తీయడం, పేరు మార్చడం, తొలగించడం వంటివన్నీ అక్కడివే. ఆ సోర్సు తెరిచి చూస్తే చాలాచోట్ల ఒకటి రెండు పంక్తుల కోడుకు పైన ఇరవై ముప్పై పంక్తుల కామెంటు కనిపిస్తుంది. కొత్తగా చూసినవాళ్లకు ఇది విడ్డూరంగానే ఉంటుంది. ఇంత కొంచెం పనికి ఇంత ఉపోద్ఘాతమా అనిపిస్తుంది. దానికి కారణం ఉంది.

ఫైళ్ల దగ్గర ఎందుకింత జాగ్రత్త?

లెక్కలో తప్పు వస్తే మళ్లీ లెక్కపెట్టుకోవచ్చు. తెర మీద అక్షరం వంకరగా వస్తే సరిచేసుకోవచ్చు. ఫైలు పోతే మాత్రం, ఇంకొక నకలు లేనప్పుడు, పోయినట్టే. అందుకే ఫైళ్ల మీద పనిచేసే ప్రతి ఆదేశమూ తాను ఏం చేస్తుందో ముందే చెప్పి తీరాలి.

ఒక ఉదాహరణ చూద్దాం. హాస్టల్లో ఒక విద్యార్థి మెస్ హాజరు లెక్క కోసం చిన్న ప్రోగ్రాము రాశాడనుకుందాం. రోజూ రాత్రి భోజనానికి ఎంతమంది వచ్చారో ఒక ఫైలులో చేర్చాలి. ఫైలు కోసం వెతికితే రస్ట్‌లో 'క్రియేట్' అనే ఆదేశం కనబడింది. పేరును బట్టి "ఫైలు లేకపోతే తయారు చేస్తుంది కాబోలు" అనుకుని వాడాడు. మొదటి రోజు బాగానే పనిచేసింది. రెండో రోజు చూస్తే మొదటి రోజు హాజరు లేదు. ఎందుకంటే క్రియేట్ అనేది ఫైలు లేకపోతే తయారు చేస్తుంది. ఉంటే దానిలో ఉన్నదంతా ఖాళీ చేసి తెరుస్తుంది. ఉన్నదానికి చివర చేర్చాలంటే 'అపెండ్' పద్ధతిలో తెరవాలి. ఫైలు ముందే ఉంటే ముట్టుకోకుండా తప్పు చూపాలంటే 'క్రియేట్ న్యూ' వాడాలి. ఇది 2024 మార్చిలో వచ్చిన 1.77 నుంచి నేరుగా దొరుకుతోంది.

"ఉంటే ఖాళీ చేస్తుంది" అన్న ముక్క క్రియేట్ కామెంటులో మొదట్లోనే ఉంది. ఆ ముక్క లేకపోతే ఏమయ్యేది? ఆదేశం పేరులో ఆ సంగతి ఎక్కడా లేదు. కోడు చదివినా కొత్తవాడికి తెలియదు. ఆ విద్యార్థికీ నష్టానికీ మధ్య అడ్డుగా నిలబడేది ఆ ఒక్క ముక్కే.

ఇలాంటి హెచ్చరికలు అక్కడ ఇంకా ఉన్నాయి.

నకలు తీసే 'కాపీ' ఆదేశానికి మూలం, గమ్యం రెండూ ఒకే ఫైలు అయితే ఆ ఫైలు ఖాళీ అయిపోయే అవకాశం ఉంది.

పేరు మార్చే 'రీనేమ్' ఆదేశం, కొత్త పేరుతో ఇప్పటికే ఒక ఫైలు ఉంటే దాని స్థానంలోకి వచ్చి కూర్చుంటుంది. ఒక డిస్కు నుంచి వేరొక డిస్కుకు మాత్రం ఇది పనిచేయదు.

'రిమూవ్ ఫైల్' అనగానే ఫైలు వెంటనే మాయమవుతుందన్న హామీ లేదు. ఇంకో ప్రోగ్రాము దాన్ని తెరిచి పట్టుకుని ఉంటే ఆలస్యం కావచ్చు.

ఇక ఫైలు మూయడం. రస్ట్‌లో ఫైలు పని అయిపోగానే భాషే దాన్ని మూసేస్తుంది. మూసేటప్పుడు ఏదైనా తప్పు జరిగితే ఆ సంగతి మనకు చెప్పదు. రాసింది డిస్కు మీదికి చేరిందో లేదో తేల్చుకోవలసినవాళ్లు 'సింక్ ఆల్' అనే ఆదేశాన్ని ముందుగా పిలిచి, అది ఏం చెప్పిందో చూసుకోవాలి.

ఇవేవీ పేర్లను చూసి ఊహించగలిగేవి కావు. ఎవరో ఒకరు రాసిపెడితేనే తెలుస్తాయి.

సరిచేయడం అంటే ఏం చేస్తారు?

భాష పెరిగే కొద్దీ కోడు మారుతుంది. కామెంటు మారడం మరచిపోతారు. డబ్బా మీద చీటీ పాతదే ఉండి లోపల సరుకు మారిపోయినట్టు అవుతుంది. అందుకని కామెంట్లను అప్పుడప్పుడు మొదటి నుంచి చివరి దాకా చదివి సర్దే పని ఉంటుంది. ఆ పనిని నాలుగు రకాలుగా చెప్పుకోవచ్చు.

మొదటిది, ఒరవడి. ప్రతి ఆదేశానికీ మొదట ఒక్క వాక్యంలో అది ఏం చేస్తుందో చెప్పాలి. ఇంగ్లీషులో "రిటర్న్" అని ఆజ్ఞాపించినట్టు కాక "రిటర్న్స్" అని, అంటే "తిరిగి ఇస్తుంది" అన్న పద్ధతిలో రాయాలని రస్ట్ వాళ్లు నియమం పెట్టుకున్నారు. ఆ తరువాత శీర్షికలు ఉంటాయి. ఏయే తప్పులు రావచ్చో 'ఎర్రర్స్' కింద, వాడే విధానం 'ఎగ్జాంపుల్స్' కింద పెడతారు. ఒక్క ఉదాహరణ ఉన్నా శీర్షిక బహువచనంలోనే ఉండాలన్నది కూడా నియమమే. ఇది చాదస్తం అనిపించవచ్చు. వందల పేజీల్లో ఒకే విషయం ఒకే చోట దొరికితే, కంగారులో ఉన్న మనిషి కన్ను నేరుగా అక్కడికే వెళుతుంది. ఒరవడి వల్ల లాభం అదే.

రెండోది, లింకులు. ఒక కామెంటు నుంచి ఇంకో ఆదేశం పేజీకి దారి చూపాలంటే ఒకప్పుడు ఆ వెబ్ పేజీ ఫైలు పేరు చేత్తో రాసేవారు. పేజీ చోటు మారితే లింకు తెగిపోయేది. 2020 నవంబరులో వచ్చిన 1.48 నుంచి పేజీ చిరునామా బదులు ఆదేశం పేరు రాస్తే చాలు, దారి రస్ట్‌డాక్ వెతుక్కుంటుంది. ఆ రోజుల్లో ప్రామాణిక లైబ్రరీలోని పాత లింకులను కొత్త పద్ధతికి మార్చే పనిని చాలామంది తలా కొంచెం పంచుకుని చేశారు. ఒక్కొక్కరు ఒక్కొక్క భాగం తీసుకున్నారు.

మూడోది, ఉదాహరణలు. రస్ట్‌లో ఒక మంచి ఏర్పాటు ఉంది. కామెంటులో ఇచ్చిన ఉదాహరణను కూడా కంప్యూటరు పరీక్షిస్తుంది. ఉదాహరణ చెడిపోతే పరీక్ష తప్పుతుంది. ఫైళ్లను నిజంగా తొలగించే ఉదాహరణలు నడిపితే ప్రమాదం కనుక, వాటికి "నో రన్" అన్న గుర్తు పెడతారు. అప్పుడు అది సరిగా కంపైల్ అవుతుందో లేదో మాత్రం చూస్తారు. అయితే ఉదాహరణలో కొన్ని పంక్తులను పేజీలో కనపడకుండా దాచే వీలు కూడా ఉంది. ఒకప్పుడు ఫైళ్ల ఉదాహరణల్లో ఇలా దాచిన పంక్తులు ఉండేవి. కంప్యూటరు పరీక్షలో అవి నెగ్గేవి. కాని పేజీలో కనిపించినంత వరకే రాసుకుని తన ప్రోగ్రాములో పెట్టుకున్న కొత్తవాడికి తప్పు వచ్చేది. ఆ రోజుల్లో 'మెయిన్' అనే ముఖ్య భాగం తప్పు సమాచారాన్ని తిరిగి ఇవ్వలేకపోవడం దీనికి కారణం. 2018 మేలో వచ్చిన 1.26తో ఆ అడ్డంకి పోయింది. ఇప్పుడు ఈ భాగంలో చాలా ఉదాహరణలు మెయిన్‌తో సహా పూర్తిగా కనిపిస్తాయి. ఉన్నదున్నట్టు రాసుకుంటే నడుస్తాయి.

నాలుగోది, నిజం. పై మూడూ చూపుకు సంబంధించినవైతే ఇది అసలు ప్రాణం. కామెంటు చెప్పేది, కోడు చేసేది ఒకటేనా అని సరిచూడాలి. తేడా ఉంటే రెండింటిలో ఏది తప్పో తేల్చాలి. అన్నిసార్లూ కామెంటే తప్పు కానవసరం లేదు.

ఇవ్వకూడని మాట ఇవ్వకపోవడం

డాక్యుమెంటేషన్ కామెంటు ఒక వాగ్దానం లాంటిది. లక్షల మంది దాన్ని నమ్మి ప్రోగ్రాములు రాస్తారు. కనుక సర్దేటప్పుడు కొత్త వాగ్దానాలు పొరపాటున కూడా చేర్చకూడదు.

ఉదాహరణకు ఒక ఫోల్డరులో ఏయే ఫైళ్లున్నాయో చెప్పే ఆదేశం ఉంది. మన కంప్యూటరులో నడిపితే పేర్లు అక్షర క్రమంలో రావచ్చు. అది చూసి "అక్షర క్రమంలో ఇస్తుంది" అని కామెంటులో చేర్చితే చదవడానికి బాగుంటుంది. కాని వేరే కంప్యూటరులో, వేరే డిస్కులో ఆ క్రమం వేరుగా ఉంటుంది. అందుకే అక్కడి కామెంటు, ఈ క్రమం ఆపరేటింగ్ సిస్టమును బట్టి, ఫైలు వ్యవస్థను బట్టి మారుతుందని స్పష్టంగా చెబుతుంది.

అలాగే రిమూవ్ ఫైల్ కామెంటులో, యూనిక్స్ కంప్యూటర్లలో ఇది ప్రస్తుతం 'అన్‌లింక్' అనే వ్యవస్థ ఆదేశాన్ని వాడుతుందని చెప్పి, ముందు ముందు ఇది మారవచ్చని కూడా అక్కడే చేర్చారు. ఈ రోజు ఉన్న పద్ధతి వేరు, ఎప్పటికీ ఉంటుందని ఇచ్చే మాట వేరు. ఆ తేడాను ఒక్క "ప్రస్తుతం" అన్న పదం కాపాడుతోంది. పంక్తి పొడుగైందని ఎవరైనా ఆ పదాన్ని కొట్టేస్తే, అందం కోసం అర్థాన్ని పోగొట్టినట్టే.

కామెంటు ఒప్పు, కోడు తప్పు: 2022 సంగతి

కామెంటు విలువ ఎంతో తెలుసుకోవడానికి ఒక నిజ సంఘటన చెబుతాం. ఫోల్డరును, దానిలోపల ఉన్నవన్నీ కలిపి తొలగించే ఆదేశం పేరు 'రిమూవ్ డిర్ ఆల్'. దాని కామెంటులో జాగ్రత్తగా వాడమని హెచ్చరిక ఉంటుంది. దానితోపాటు ఇంకో మాట కూడా ఉంది. ఫైళ్ల వ్యవస్థలో 'సింబాలిక్ లింకు' అనేది ఉంటుంది. అది వేరే చోట ఉన్న ఫోల్డరుకు చూపుడు వేలు లాంటిది. తొలగించేటప్పుడు అలాంటి లింకు తగిలితే, ఆదేశం లింకును మాత్రమే తీసేస్తుంది గాని, అది చూపించే చోటికి వెళ్లి అక్కడివి చెరపదు. ఇదీ ఆ కామెంటు ఇచ్చిన మాట.

లోపల కోడు ఏం చేసిందంటే, ముందు అది లింకా కాదా అని చూసి, కాదని తేలాక తొలగించడం మొదలుపెట్టేది. చూడటానికీ తొలగించడానికీ మధ్య రెప్పపాటు సందు ఉంది. ఆ సందులో దుర్బుద్ధి గల వాడు ఫోల్డరును తీసేసి దాని స్థానంలో లింకు పెడితే, ఎక్కువ అధికారాలున్న ప్రోగ్రాము చేత తాను ముట్టుకోలేని ఫైళ్లను చెరిపించవచ్చు. 1.0 నుంచి 1.58.0 వరకు ఈ లోపం ఉంది. 2022 జనవరి 20న విడుదలైన 1.58.1 లో దీన్ని సరిచేశారు.

ఇక్కడ గమనించవలసింది ఒకటుంది. లింకుల గురించి కామెంటు ఏమీ చెప్పకుండా ఉంటే, "అది అంతే, అలాగే పనిచేస్తుంది" అని ఎవరైనా వాదించవచ్చు. కామెంటులో మాట ఇచ్చి ఉన్నారు గనుక, కోడు ఆ మాట తప్పిందని వేలెత్తి చూపడానికి వీలయింది. రాసి ఉన్న మాటకు ఉన్న బలం అది. రేషన్ కార్డు దగ్గర నుంచి స్కాలర్‌షిప్ జీవో దాకా, కాగితం మీద ఉన్న మాటే మనవాళ్లకు అడిగే హక్కు ఇచ్చిందని మనకు వేరే చెప్పనక్కరలేదు.

మనకు దీనితో ఏమిటి సంబంధం?

మనలో ఎక్కువమంది పదో తరగతి వరకు తెలుగు మీడియంలో చదివి, ఆ తరువాత ఒక్కసారిగా ఇంగ్లీషు పుస్తకాల మధ్య పడినవాళ్లం. ఒక పేజీ చదివి అర్థం కాకపోతే మనం మొట్టమొదట చేసే పని మనల్ని మనం నిందించుకోవడం. "నాకు ఇంగ్లీషు రాదు, నా బుర్రకు ఎక్కదు" అనుకుని పేజీ మూసేస్తాం. పక్కవాళ్లను అడగడానికి కూడా మొహమాటపడతాం.

మేము చెప్పదలచుకున్న అసలు విషయం ఇదే. డాక్యుమెంటేషన్ ఉన్నది తెలియని వాడి కోసం. కోడు రాసిన నిపుణుడు తన కామెంటు తాను చదివితే అందులో లోటు కనపడదు, ఎందుకంటే లోటును అతని తెలివే పూడ్చేస్తుంది. లోటు కనపడేది మొదటిసారి చదివేవాడికే. దాచిన పంక్తుల వల్ల ఉదాహరణ నడవలేదన్న సంగతి కంప్యూటరు పరీక్షలకు దొరకలేదు, కొత్తవాళ్లకు దొరికింది. కాబట్టి మీకు అర్థం కాని చోట పెన్సిలుతో గుర్తు పెట్టుకోండి. ఆ గుర్తు మీ తెలివితక్కువకు కాదు, ఆ పేజీలో చూడవలసిన చోటుకు.

అలాగని అర్థం కాని ప్రతిదీ పేజీ తప్పేనని కూడా అనుకోరాదు. అనుమానం వచ్చినప్పుడు చిన్న ప్రోగ్రాము రాసి పరీక్షించాలి. ఉత్తుత్తి ఫైలు ఒకటి తయారు చేసి, క్రియేట్ చేస్తే ఏమవుతుందో, కాపీ చేస్తే ఏమవుతుందో చూడాలి. చూసింది, చదివింది సరిపోలితే మీకు ఒక విషయం వచ్చేసినట్టే. సరిపోలకపోతే మీ చేతిలో ఒక మంచి ప్రశ్న ఉన్నట్టు.

దీనికి పెద్ద ఏర్పాట్లు అక్కరలేదు. రస్ట్‌ను మామూలుగా ఇన్‌స్టాల్ చేసుకుంటే ఈ పేజీలన్నీ కంప్యూటరులోకే వస్తాయి. 'రస్టప్ డాక్' అని ఆదేశమిస్తే ఇంటర్నెట్ లేకపోయినా తెరుచుకుంటాయి. నెట్ వచ్చీపోయే చోట ఉండేవాళ్లకు ఇది ఎంత మేలో చెప్పనక్కరలేదు. ప్రతి ఆదేశం పేజీలోనూ 'సోర్స్' అన్న లింకు ఉంటుంది. దాన్ని నొక్కితే కామెంటు, కోడు పక్కపక్కనే కనిపిస్తాయి.

నిజంగానే లోపం కనపడితే సవరణ పంపవచ్చు. దీనికి ఫీజు లేదు, ఏ కాలేజీ అని ఎవరూ అడగరు. అదే సవరణ ఇంతకుముందే ఎవరైనా పంపారేమో ముందు చూసుకోవాలి. ఒక సవరణలో ఒకే విషయం ఉండాలి. ఏది తప్పు, ఎలా తెలిసింది, ఏం మార్చారు అన్నవి మూడు నాలుగు తేలిక వాక్యాల్లో రాస్తే చాలు. రస్ట్ సోర్సులో 'టైడీ' అనే పరికరం ఉంది. పంక్తి చివర అనవసర ఖాళీ ఉన్నా, పంక్తి 100 అక్షరాలు దాటినా అది పట్టుకుంటుంది. ఆ తరువాత అనుభవజ్ఞులు చదివి ప్రశ్నలు వేస్తారు, మార్చమంటారు. అది అవమానం కాదు, పని జరిగే తీరే అంత. ఒప్పుకున్నాక చిన్న సవరణలను కొన్నింటిని కలిపి, ఒకేసారి పరీక్షించి, సోర్సులో చేరుస్తారు. 6 వారాలకొకసారి కొత్త విడుదల వస్తుంది. ఏదో ఒక విడుదలలో మీ వాక్యం కూడా అందరి కంప్యూటర్లలోకీ చేరుతుంది.

దీనివల్ల డబ్బు వస్తుందని గాని, వెంటనే ఉద్యోగం వస్తుందని గాని మేము చెప్పం. వచ్చేది వేరే. ఇతరులు రాసిన కోడును ఓపికగా చదవడం వస్తుంది. నాలుగు ముక్కల్లో నిజం చెప్పడం వస్తుంది. తెలిసినంతే రాసి, తెలియనిదానికి మాట ఇవ్వకుండా ఉండటం వస్తుంది. ఈ మూడూ ఏ భాషకైనా, ఏ కొలువుకైనా పనికొస్తాయి.

ఈ సెలవుల్లో ఒక పని చేయండి. ఇద్దరు ముగ్గురు కలిసి కూర్చుని, ఫైళ్ల భాగంలో రోజుకొక ఆదేశం పేజీ చదవండి. ఒకరు చదవాలి, ఒకరు తెలుగులో చెప్పాలి, ఒకరు చేసి చూడాలి. చెప్పేవాడు ఎక్కడ ఆగిపోయాడో ఆ చోటును నోటు పుస్తకంలో రాసిపెట్టండి. రాసుకున్న వాటిలో కొన్ని మీ ప్రశ్నలుగా మిగులుతాయి, కొన్ని సవరణలు అవుతాయి. రెండూ లాభమే.